తెలుగు యాప్‌లో ఒత్తులు తెగుతున్నాయి, పీడీఎఫ్‌లో అక్షరాలు విడిపోతున్నాయి. మీ సెటప్ ఏంటి?

గోదారి_కోడర్
చిన్న స్కూళ్లకు ఫీజు రసీదులు, నోటీసులు పంపే యాప్ చేస్తున్నాం. వెబ్ రియాక్ట్‌లో, మొబైల్ ఫ్లట్టర్‌లో (రెండూ స్క్రీన్లు కట్టే టూల్స్). ఇంగ్లిష్‌లో ఉన్నంతసేపూ ఏ గొడవా లేదు. తెలుగు పెట్టగానే మూడు మొదలయ్యాయి. కార్డు హెడ్డింగులో "రాష్ట్రస్థాయి" అని రాస్తే కింది ఒత్తులు సగానికి తెగుతున్నాయి. రసీదు పీడీఎఫ్‌లో "లక్ష్మి" అన్న పేరు పొల్లులతో విడివిడిగా వస్తోంది. ఐడీ కార్డు మీద చోటు తక్కువని పేరుకు 12 అక్షరాల హద్దు పెడితే "వెంకటేశ్వర్లు" అన్న పేరునే తిప్పికొడుతోంది. పిల్లల పేర్లే తప్పుగా వస్తే తల్లిదండ్రులకు ఏం చెప్పాలని స్కూల్ వాళ్లు అడుగుతున్నారు. న్యాయమైన మాటే. ఇవి మూడు వేరువేరు బగ్గులా, అన్నిటికీ ఒకటే కారణమా?

నెల్లూరు_నోడ్
మొదటిది దాదాపు ఖాయంగా లైన్‌హైట్, అంటే ఒక్కో లైనుకు ఇచ్చే ఎత్తు. డిజైన్ ఫైలులో హెడ్డింగులకు 1.2 ఉంటుంది, లాటిన్ లిపికి అది చాలు. మనకు పైన గుడి, ఏత్వం. కింద ఒత్తు, దాని కింద ఇంకో ఒత్తు. 1.2లో పట్టదు. అక్షరం గీత దాటినా మామూలుగా కనిపిస్తూనే ఉంటుంది కానీ, మీ కార్డుకు ఓవర్‌ఫ్లో హిడెన్ (హద్దు దాటినదాన్ని దాచే సెట్టింగ్) ఉండి ఉంటుంది. అక్కడ తెగుతోంది. బాడీకి 1.7, హెడ్డింగుకు 1.5 పెట్టి చూడండి. కింద 0.2 ఈఎమ్ (ఫాంట్ సైజులో ఐదో వంతు) ప్యాడింగ్, అంటే ఖాళీ, కూడా ఇవ్వండి.

సీఎస్‌ఎస్_సీత
ప్యాడింగ్ ఒక్క లైను ఉన్న హెడ్డింగులకే పనికొస్తుంది. లైన్‌క్లాంప్ (రెండు లైన్లే చూపించు లాంటి హద్దు) పెట్టిన చోట కింద ప్యాడింగ్ ఇస్తే, దాచిన మూడో లైను తలకట్లు ఆ ఖాళీలోంచి కనిపిస్తాయి. క్లాంప్ ఉంటే లైన్‌హైట్ పెంచడం ఒక్కటే దారి.

లక్డీకాపూల్
1.7 అంటే స్క్రీన్‌లో సగం ఖాళీయే. మా డిజైనర్ చచ్చినా ఒప్పుకోరు. తెలుగుకు ఫాంట్ సైజే రెండు పిక్సెళ్లు తగ్గిస్తే పోలా?

సీఎస్‌ఎస్_సీత
పోదండి. చాలా తెలుగు ఫాంట్లు అదే పిక్సెల్ సైజులో ఇంగ్లిష్ కంటే ఇప్పటికే చిన్నగా కనిపిస్తాయి. ఇంకా తగ్గిస్తే ష్ట్ర, త్స్న లాంటివి మచ్చల్లా అయిపోతాయి. రసీదు చదివేది తాతలు, అమ్మమ్మలు కూడా. ఇంగ్లిష్ లేఅవుట్ చెడకుండా ఉండాలంటే ఎలిమెంట్‌కు లాంగ్ "టీఈ" (తెలుగు భాష కోడ్) అని ఇచ్చి, సీఎస్‌ఎస్‌లో లాంగ్ సెలెక్టర్‌తో తెలుగుకు మాత్రమే సైజు, లైన్‌హైట్ మార్చండి. లైన్‌హైట్ పిక్సెళ్లలో వద్దు. ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకున్నవాళ్లకు మళ్లీ తెగుతుంది.

లక్డీకాపూల్
లాంగ్ సెలెక్టర్ అయితే మావాళ్లు ఒప్పుకుంటారు. ఇంగ్లిష్ స్క్రీన్లు చెడకపోతే వాళ్లకు చాలు.

ఒత్తు_పొల్లు
గోదారి_కోడర్ అడిగినదానికి: ఒత్తులు తెగడం లైన్‌హైట్ సంగతే, మిగతా రెండిటి వెనకా ఉన్నది ఒకటే. మనం ఒక అక్షరం అనుకునేది కంప్యూటర్‌కు ఒక కోడ్ కాదు. "వెంకటేశ్వర్లు" కంటికి ఐదు అక్షరాలు: వెం, క, టే, శ్వ, ర్లు. లోపల మాత్రం 13 కోడ్‌పాయింట్లు (యూనికోడ్ ఒక్కో గుర్తుకు ఇచ్చిన నంబర్లు), ఎందుకంటే గుణింతం గుర్తుకో కోడ్, పొల్లుకో కోడ్, సున్నకో కోడ్. జావాస్క్రిప్ట్‌లో లెంగ్త్ అడిగితే 13 అంటుంది. యూటీఎఫ్-8లో (ఆ కోడ్‌లను బైట్లుగా దాచే పద్ధతి) ఒక్కో తెలుగు కోడ్‌కు 3 బైట్లు కాబట్టి డిస్కు మీద 39. మీ హద్దు 12, అందుకే తిప్పికొట్టింది.

పీడీఎఫ్ సంగతీ ఇదే. క, పొల్లు, ష అన్న కోడ్‌లను చూసి "క్ష" రూపం గీయడాన్ని షేపింగ్ అంటారు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, ఫ్లట్టర్ అన్నీ హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీతో ఈ పని చేస్తాయి. ఐఫోన్‌లో కోర్‌టెక్స్ట్ చేస్తుంది. మీ పీడీఎఫ్ లైబ్రరీ ఆ అడుగు వేయకుండా, ఒక్కో కోడ్‌కు ఫాంట్‌లో దొరికిన బొమ్మను వరసగా పెట్టేస్తోంది.

గోదారి_కోడర్
రసీదును బ్రౌజర్‌లోనే జేఎస్‌పీడీఎఫ్ లైబ్రరీతో తయారు చేస్తున్నాం. తెలుగు ఫాంట్ ఎంబెడ్ చేశాం కూడా. ఫాంట్ ఉంటే సరిపోదా?

ఒత్తు_పొల్లు
సరిపోదు. జేఎస్‌పీడీఎఫ్‌లో ఇండిక్ లిపులకు షేపింగ్ లేదు, ఎంత మంచి ఫాంట్ ఇచ్చినా అంతే. "క్ష" బొమ్మ ఫాంట్ ఫైలులో ఉంటుంది, దాన్ని పిలిచేవాళ్లు లేరు.

పాత_పీహెచ్‌పీ
ఇంత తల నొప్పి ఎందుకు? రసీదును ఇమేజ్ చేసి పీడీఎఫ్‌లో అతికించండి. మేం ఏళ్లుగా అదే చేస్తున్నాం, ఎవరూ అడగలేదు.

డల్లాస్_దేవ్
ఇమేజ్ అయితే జూమ్ చేస్తే మసకబారుతుంది, ఫైలు బరువెక్కుతుంది, చూపు లేనివాళ్ల స్క్రీన్ రీడర్‌కు అందులో ఏమీ దొరకదు. ఇక్కడ మా తెలుగు సంఘం వాళ్ల కార్యక్రమ పత్రాలు మొదట ఇమేజ్‌లుగానే పంపేవాళ్లు. ఫోన్‌లో చదవలేకపోతున్నామని పెద్దవాళ్లే ఫోన్ చేసి చెప్పారు. సర్వర్ మీద హెడ్‌లెస్ క్రోమ్ (స్క్రీన్ లేకుండా నడిచే క్రోమ్) పెట్టి, దాన్ని కోడ్‌తో నడిపే పపెటీర్‌తో హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీనే పీడీఎఫ్‌గా ప్రింట్ చేయండి. బ్రౌజర్‌లో ఎలా కనిపిస్తే పీడీఎఫ్‌లో అలాగే వస్తుంది.

నెల్లూరు_నోడ్
పైథాన్ వాళ్లయితే వీజీప్రింట్ చూడొచ్చు. అది పాంగో అనే అక్షరాలు పేర్చే లైబ్రరీ మీద నడుస్తుంది, పాంగో హార్ఫ్‌బజ్‌ను వాడుతుంది. క్రోమ్ కంటే సర్వర్ మీద బరువు తక్కువ.

పాత_పీహెచ్‌పీ
చిన్న హోస్టింగ్‌లో క్రోమ్ నడవదు కదా. నెలకు వందల్లో కట్టే షేర్డ్ హోస్టింగ్ వాళ్ల సంగతేంటి? అందరికీ డాకర్ (యాప్‌ను దానికి కావాల్సినవన్నీ కలిపి కట్టి నడిపే టూల్) ఉండదు.

డల్లాస్_దేవ్
అప్పుడు సర్వర్‌లో పీడీఎఫ్ అసలు చేయకండి. ప్రింట్ స్టైల్‌షీట్ రాసి "ప్రింట్" బటన్ ఇవ్వండి. వాడేవాళ్ల బ్రౌజరే "సేవ్ యాజ్ పీడీఎఫ్" చేస్తుంది. షేపింగ్ ఖర్చు మీది కాదు.

పాత_పీహెచ్‌పీ
ఇది బాగుంది. చిన్న క్లయింట్లకు ఇదే పెడతాను.

సున్నా_ఒకటి
ప్రింట్ బటన్ స్కూల్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకు సరే. తల్లిదండ్రులు రసీదు ఫోన్‌లో వాట్సాప్‌లో అడుగుతారు. గోదారి_కోడర్ విషయంలో సర్వర్ పీడీఎఫ్ తప్పదు.

మధ్యాహ్నం_డిప్లాయ్
హెడ్‌లెస్ క్రోమ్ పెట్టేవాళ్లు ఒకటి చూసుకోండి. డాకర్ స్లిమ్ ఇమేజ్‌లలో (బొమ్మలు కాదు, సర్వర్ మీద నడిపే చిన్న లినక్స్ మూటలు) తెలుగు ఫాంట్ ఉండదు. మీ ల్యాప్‌టాప్‌లో అద్భుతంగా వచ్చిన రసీదు సర్వర్‌కు వెళ్లగానే ఖాళీ డబ్బాలైపోతుంది. డెబియన్ లినక్స్ అయితే ఫాంట్స్-నోటో-కోర్ ప్యాకేజీ వేయండి, ఆల్పైన్ లినక్స్ అయితే ఫాంట్-నోటో-తెలుగు. వేశాక ఫాంట్ల జాబితా చూపే ఎఫ్‌సీ-లిస్ట్‌కు లాంగ్ టీఈ అని ఇచ్చి, పేరు వస్తోందో లేదో బిల్డ్‌లోనే చెక్ పెట్టండి. రాకపోతే బిల్డ్ ఫెయిల్ కావాలి. రసీదు తల్లిదండ్రుల చేతికి వెళ్లాక తెలిస్తే ఏం లాభం?

పిల్లలమర్రి
డబ్బాలు వస్తే ఫాంట్ లేదని, పొల్లులతో విడిపోతే షేపింగ్ లేదని అర్థం. ఈ తేడా తెలిస్తే సగం వెతుకులాట తప్పుతుంది.

మధ్యాహ్నం_డిప్లాయ్
అవును. పుట్టినరోజు పోస్టర్లు, సోషల్ మీడియా కార్డులు పైథాన్‌లో బొమ్మలు గీసే పిల్లో లైబ్రరీతో చేసేవాళ్లకు రెండోదే తగులుతుంది. పిల్లో మామూలు లేఅవుట్ ఒత్తులు కలపదు. షేపింగ్ చేసే లిబ్‌రాక్మ్ ఉన్న బిల్డ్ కావాలి, లేఅవుట్ ఇంజిన్ రాక్మ్ అని ఇవ్వాలి.

ఫ్లట్టర్_ఫణి
మీ 12 అక్షరాల హద్దులో ఇంకో చిక్కుంది. ఫ్లట్టర్ టెక్స్ట్‌ఫీల్డ్‌లో మ్యాక్స్‌లెంగ్త్ కంటికి కనిపించే అక్షరాలను లెక్కపెడుతుంది. వెబ్ ఇన్‌పుట్‌లో మ్యాక్స్‌లెంగ్త్ యూటీఎఫ్-16 యూనిట్లను (తెలుగులో కోడ్‌కు ఒకటి) లెక్కపెడుతుంది. అంటే అదే పేరు యాప్‌లో పడుతుంది, వెబ్‌లో పడదు. యాప్‌లో పడ్డదాన్ని సర్వర్ తిప్పికొడుతుంది. మా టీమ్‌లో దీని మీద పెద్ద పంచాయితీయే నడిచింది, యాప్‌వాళ్లు సర్వర్‌వాళ్లను, సర్వర్‌వాళ్లు యాప్‌వాళ్లను అనుకుంటూ. ఎవరి కోడూ తప్పు కాదు, లెక్కే వేరు.

గోదారి_కోడర్
మాకూ సరిగ్గా అదే! యాప్‌లో పడుతోంది, వెబ్‌లో పడట్లేదని టెస్టర్ రాస్తే నేను నమ్మలేదు. మరి వెబ్‌లో ఎలా లెక్కపెట్టాలి?

ఫ్లట్టర్_ఫణి
జావాస్క్రిప్ట్‌లో ఇంటల్.సెగ్మెంటర్ వాడండి, గ్రాఫీమ్ (కంటికి ఒక అక్షరంగా కనిపించేది) అని ఇచ్చి. ఐఫోన్ యాప్‌లు రాసే స్విఫ్ట్‌లో కౌంట్ మామూలుగానే ఇలా లెక్కిస్తుంది. ఫ్లట్టర్ భాష డార్ట్‌లో క్యారెక్టర్స్ ప్యాకేజీ.

ఒత్తు_పొల్లు
దాని మీద కూడా గుడ్డిగా ఆధారపడొద్దు. "శ్రీ"ని పాత యూనికోడ్ నియమాలు శ్, రీ అని రెండుగా కోసేవి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నుంచి తెలుగు ఒత్తులను కలిపి ఒకటిగా లెక్కపెట్టాలన్న నియమం ఉంది. పాత ఫోన్‌లో 2, కొత్త ఫోన్‌లో 1 రావొచ్చు. "వెంకటేశ్వర్లు" కూడా అంతే, పాత లెక్కలో 7, కొత్త లెక్కలో 5. కాబట్టి చూపించడానికి, కత్తిరించడానికి సెగ్మెంటర్ వాడండి. సర్వర్‌లో హద్దు మాత్రం కోడ్‌పాయింట్లలో ధారాళంగా పెట్టండి, పేరుకు 100 పెట్టినా డేటాబేస్‌కు నష్టం లేదు.

సీఎస్‌ఎస్_సీత
ఐడీ కార్డు మీద చోటే సమస్య అయితే అక్షరాలు లెక్కపెట్టడమే వద్దు. పట్టకపోతే సైజు తగ్గించండి, లేదా రెండో లైనుకు పంపండి. పిల్లాడి పేరును కోసే హక్కు ఫారానికి ఎవరిచ్చారు?

కోనసీమ_కోట్లిన్
నేటివ్ ఆండ్రాయిడ్ వాళ్ల కోసం. టెక్స్ట్‌వ్యూలో ఇన్‌క్లూడ్‌ఫాంట్‌ప్యాడింగ్ ఫాల్స్ (అక్షరాల పైనా కిందా అదనపు ఖాళీ వద్దు) అని డిజైన్ గైడ్ చూసి పెట్టేస్తుంటారు, తెలుగులో ముందు తెగేది అక్కడే. ఇంకోటి ఎలిగెంట్‌టెక్స్ట్‌హైట్. ఆండ్రాయిడ్ 15ను టార్గెట్ చేసే యాప్‌లకు అది డిఫాల్ట్‌గా ట్రూ అయింది. తెలుగు, కన్నడ, తమిళం లాంటి పొడవు లిపులకు ఎక్కువ ఎత్తు ఇస్తుంది. చదవడానికి మంచిదే కానీ, టార్గెట్ ఎస్‌డీకే 35కు (అంటే ఆండ్రాయిడ్ 15కు) పెంచిన రోజున ఫిక్స్‌డ్ ఎత్తు ఉన్న బటన్లన్నీ ఒకసారి చూసుకోండి. ఎత్తు డీపీలలో (ఆండ్రాయిడ్ కొలత) బిగించకుండా ర్యాప్ కంటెంట్ (లోపలి రాతను బట్టి సాగేది), మినిమమ్ హైట్ పెట్టుకుంటే ఈ బాధ లేదు.

గోదారి_కోడర్
ఫ్లట్టర్‌లో కూడా బటన్ ఎత్తు 40 అని బిగించి ఉంది. మారుస్తా. ఫాంట్ మాటేమిటి? ఇప్పుడు గూగుల్ ఫాంట్స్ నుంచి మండలి వాడుతున్నాం, బోల్డ్‌లో అక్షరాల కడుపులు పూడుకుపోతున్నాయి.

పిల్లలమర్రి
మండలి, గిడుగు, రామభద్ర లాంటివి ఒకటే వెయిట్‌లో ఉంటాయి. మీరు బోల్డ్ అడిగితే బ్రౌజర్ తనంతట తానే అక్షరాన్ని లావు చేస్తుంది, అందుకే ష, ఘ కడుపులు పూడుకుపోతాయి. నోటో సాన్స్ తెలుగులో నిజమైన బోల్డ్ ఉంది. హెడ్డింగుకు రామభద్ర, బాడీకి నోటో పెట్టి, రామభద్రకు బోల్డ్ అడక్కండి. అది పుట్టుకతోనే లావు. ఇటాలిక్ కూడా తీసేయండి, తెలుగుకు ఆ అలవాటు లేదు. బ్రౌజర్ అక్షరాలను పక్కకు వంచేస్తుంది అంతే.

లక్డీకాపూల్
అసలు వెబ్‌ఫాంట్ ఎందుకు? ఫోన్‌లో ఉన్న ఫాంటే వాడితే డౌన్‌లోడ్ ఉండదు. ఊళ్లలో సిగ్నల్ అంతంతమాత్రం.

పిల్లలమర్రి
అన్ని చోట్లా ఒకేలా ఉండదు. విండోస్‌లో నిర్మలా యూఐ, పాత వాటిలో గౌతమి, ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు, ఆండ్రాయిడ్‌లో ఎక్కువగా నోటో. ఒక్కోదాని ఎత్తు, వెడల్పు వేరు. ఒకదాంట్లో పట్టిన బటన్ ఇంకోదాంట్లో పట్టదు.

సీఎస్‌ఎస్_సీత
ఇక్కడ నేను లక్డీకాపూల్ వైపే. రోజువారీ వాడే యాప్‌కు సిస్టమ్ ఫాంట్ చాలు. లేఅవుట్ సాగేలా కట్టుకుంటే ఫాంట్ మారినా ఏమీ కాదు. బ్రాండ్ కనిపించాల్సిన హెడ్డింగుకు మాత్రమే వెబ్‌ఫాంట్. అది కూడా వోఫ్2లో (కుదించిన ఫాంట్ ఫైలు), స్వాప్ పెట్టి (ఫాంట్ దిగేదాకా వేరే ఫాంట్ చూపేలా), యూనికోడ్ రేంజ్ ఇచ్చి (ఏ కోడ్‌లకు ఆ ఫాంట్ వాడాలో చెప్పి). ఇంగ్లిష్ ఫాంట్ పేరు ముందు, తెలుగు ఫాంట్ పేరు తర్వాత రాయండి. అప్పుడు రూపాయల అంకెలు ఇంగ్లిష్ ఫాంట్‌లోంచే వస్తాయి, పట్టికలో వరస కలుస్తుంది.

ఒత్తు_పొల్లు
రేంజ్‌లో తెలుగు బ్లాక్ ఒక్కటే ఇవ్వొద్దు. జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే కనిపించని గుర్తు), జాయినర్ రెండూ కలపండి. గూగుల్ ఫాంట్స్ తెలుగు సబ్‌సెట్‌లో అవి ఉంటాయి.

సున్నా_ఒకటి
ఆ నాన్ జాయినర్ మమ్మల్ని వెతుకులాటలో ఏడిపించింది. "రాజ్‌కుమార్" అని కొందరి కీబోర్డు మధ్యలో అది పెట్టి రాస్తుంది, కొందరు అది లేకుండా "రాజ్కుమార్" అని రాస్తారు. క్లర్క్ ఒకలా టైప్ చేస్తే పిల్లాడు దొరకడు, మళ్లీ కొత్తగా నమోదు చేస్తారు. ఒకే పిల్లాడికి రెండు ఫీజు ఖాతాలు. వెతకడానికి వేరే కాలమ్ పెట్టి, అందులో ఆ గుర్తు తీసేసి దాచండి. చూపించే కాలమ్‌లో మాత్రం ఉన్నది ఉన్నట్టు ఉంచండి.

ఒత్తు_పొల్లు
ఆ వెతుకుడు కాలమ్‌ను ఎన్‌ఎఫ్‌సీ (వేరు రాతలను ఒకే రూపానికి తెచ్చే యూనికోడ్ పద్ధతి) కూడా చేయండి. తెలుగులో ఐత్వం ఒక్కదాన్నే రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే కోడ్‌తో, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు అని రెండు కోడ్‌లతో. కంటికి తేడా ఉండదు, పోలిస్తే మాత్రం కలవవు.

ఫ్లట్టర్_ఫణి
పేరు సరిచూసే రెజెక్స్ (ఏ గుర్తులు ఒప్పుకోవాలో చెప్పే నమూనా) కూడా చూసుకోండి. లెటర్ కేటగిరీ ఒక్కటే ఇస్తే గుణింతాలు, పొల్లులు బయటికి పోతాయి, అవి మార్క్ కేటగిరీ. అలాంటి ఫారంలో "రమ" పడుతుంది, "సీత" పడదు. లెటర్, మార్క్, ఖాళీ, చుక్క, ఆ నాన్ జాయినర్ అన్నీ ఇవ్వాలి.

సీఎస్‌ఎస్_సీత
సీత పడని ఫారాలు నేను చాలా చూశాను.

కోనసీమ_కోట్లిన్
టెస్ట్ డేటాలో "టెస్ట్ యూజర్" బదులు కష్టమైన మాటలు పెట్టుకోండి. మా దగ్గర ఉన్నవి: రాష్ట్రం, స్త్రీ, జ్యోత్స్న, లక్ష్మీనృసింహ, రాజ్‌కుమార్, కార్త్స్న్యం. చివరిది మా తెలుగు మాస్టారి కానుక. అది తెగకపోతే ఇంకేదీ తెగదు. అక్షరాలు ఒక్కోటిగా ఎగిరివచ్చే యానిమేషన్లు ఉంటే వాటిని కూడా ఈ మాటలతోనే చూడండి. కోడ్‌కో స్పాన్ (విడి హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగ్) చుడితే ఒత్తులన్నీ విడిపోతాయి.

డల్లాస్_దేవ్
కష్టమైన మాటలతో టెస్ట్ చేయడం ఎందుకని అడిగేవాళ్లకు 2018 ఫిబ్రవరి గుర్తు చేయండి. జ, పొల్లు, ఞ, నాన్ జాయినర్, దీర్ఘం వరసగా వస్తే ఐఓఎస్ 11.2.5లో యాప్‌లు కుప్పకూలాయి. ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. ఒక్క తెలుగు అక్షరం ప్రపంచమంతా వార్తల్లోకెక్కింది.

పాత_పీహెచ్‌పీ
వర్డ్‌ప్రెస్ మీద నోటీసుల పేజీ పెట్టేవాళ్లకు నాదొక మాట. తెలుగు శీర్షిక పెడితే లింకు కూడా తెలుగులోనే తయారవుతుంది. లోపల ఒక్కో కోడ్ 9 గుర్తులవుతుంది, ఆ కాలమ్ పట్టేది 200. ఇరవై రెండు కోడ్‌లు దాటితే లింకు మధ్యలో తెగిపోతుంది. స్లగ్ (లింకులో శీర్షిక భాగం) ఇంగ్లిష్ అక్షరాల్లో చేత్తో ఇచ్చేయండి.

గోదారి_కోడర్
ఇప్పటిదాకా చేసినవి: తెలుగుకు విడిగా లైన్‌హైట్, బటన్లకు బిగించిన ఎత్తు తీసేశాం, పీడీఎఫ్ పపెటీర్‌కు మార్చాం, డాకర్‌లో నోటో వేశాం. లక్ష్మి లక్ష్మిలాగే వస్తోంది. ఐడీ కార్డు హద్దు తీసేసి, పట్టకపోతే రెండో లైనుకు పంపుతున్నాం. ఇక మిగిలింది ఎస్ఎమ్ఎస్. ఫీజు గుర్తు చేసే మెసేజ్ ఇంగ్లిష్‌లో ఒకటే పోతుంది, అదే మాట తెలుగులో పంపితే మూడింటికి డబ్బులు పడుతున్నాయి. ఎస్ఎమ్ఎస్‌లు పంపే గేట్‌వే వాళ్లు ఎక్కువ వేస్తున్నారా?

సున్నా_ఒకటి
లేదండి, లెక్క అంతే. ఇంగ్లిష్ మెసేజ్‌కు 160 గుర్తులు పడతాయి. ఒక్క తెలుగు కోడ్ ఉన్నా మెసేజ్ మొత్తం యూనికోడ్ అవుతుంది, అప్పుడు ఒకదానికి 70. రెండు మూడు కలిపి పంపితే ఒక్కోదానికి 67 మాత్రమే. పొల్లులు, గుణింతాలు విడిగా లెక్కలోకి వస్తాయి. "విద్యార్థి యొక్క ఫీజు చెల్లింపు నిమిత్తం" అని రాయకుండా "ఫీజు బాకీ" అనండి, సగం తగ్గుతుంది. డీఎల్‌టీలో (మెసేజ్ నమూనాలు నమోదు చేసే టెలికాం పోర్టల్) నమోదు చేసిన టెంప్లేట్‌కు, మీరు పంపేదానికి ఒక్క కోడ్ తేడా కూడా ఉండకూడదు. టెంప్లేట్‌లో నాన్ జాయినర్ ఉంటే కోడ్‌లో కూడా ఉండాలి. కంటికి ఒకేలా ఉన్నా మెసేజ్ ఆగిపోతుంది, ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పరు. ఆ టెంప్లేట్‌ను పోర్టల్ నుంచే కాపీ చేసుకోండి, మళ్లీ టైప్ చేయొద్దు.

గోదారి_కోడర్
అదే అయి ఉంటుంది, రెండు టెంప్లేట్లు అసలు వెళ్లట్లేదు. "సాఫ్ట్‌వేర్" అన్న మాట ఉన్నవే ఆ రెండూ. ఇప్పుడే పోల్చి చూస్తా.

మధ్యాహ్నం_డిప్లాయ్
ఆఫీసు వాళ్లకు పిల్లల జాబితా సీఎస్‌వీలో ఇస్తుంటే ఫైలు మొదట్లో బీఓఎమ్ (ఇది యూనికోడ్ ఫైలు అని చెప్పే గుర్తు) పెట్టండి. అది లేకుండా ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేస్తే పేర్లన్నీ పిచ్చి గీతలుగా వస్తాయి.

నెల్లూరు_నోడ్
జాబితా అకారాది క్రమంలో కావాలంటే కోడ్ వరసను నమ్మొద్దు. యూనికోడ్‌లో సున్న "అ" కంటే ముందుంటుంది, అందుకే "కంచర్ల" "కలిదిండి" కంటే ఎప్పుడూ ముందే వస్తుంది, నిఘంటువు వరస ఏదైనా సరే. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో టీఈ-ఎక్స్-ఐసీయూ కొలేషన్ (వరస నియమం) ఇవ్వండి, బ్రౌజర్‌లో ఇంటల్.కొలేటర్‌కు "టీఈ". మొత్తాలకు నంబర్‌ఫార్మాట్ "టీఈ-ఐఎన్" ఇస్తే 1,25,000 అని మన లక్షల కామాలతోనే వస్తుంది.

గోదారి_కోడర్
టెంప్లేట్ పోల్చాను. పోర్టల్‌లో నాన్ జాయినర్ ఉంది, మా కోడ్‌లో లేదు. కాపీ చేసి పెట్టగానే మెసేజ్ వెళ్లింది. కొలేషన్ రేపు మారుస్తాం.